ఎడమవైపు మైకు

మా మేనమామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను ఆయన గొంతే వింటున్నాను. మానుకోటలో అద్దెకుంటున్న గదిలో, పొద్దున టీ తాగి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మా పాత కార్యక్రమం రికార్డింగు సరిచేస్తున్నాను. ఫోను మోగింది. జనగామ నుంచి అత్తమ్మ. "మీ మామ లేస్తలేడే బిడ్డా. చాయ పెట్టి పిలుస్తున్న, లేస్తలేడు," అంది. ఆమె వెనక అప్పటికే ఎవరో ఏడుస్తున్నారు. నేనేమన్నానో నాకు గుర్తు లేదు. ఆపడం మరిచిపోయి బల్ల మీద పడేసిన హెడ్‌ఫోన్లలోంచి మాత్రం సన్నగా మామ గొంతు వస్తూనే ఉంది. ఎవరి పేరో కీర్తిశేషులు అంటూ చదువుతోంది.

మామ చదివింపులు చదివేవాడు. మా వైపు వేదిక మీద డోలుతో కథ నడుస్తుండగా ఎవరైనా లేచి వచ్చి నోటూ చీటీ చేతిలో పెడితే కథ ఆగాలి. ఇచ్చినవాళ్ల పేరు మైకులో చదవాలి, దీవించాలి, డోలు మీద ఒక్క దెబ్బ పడాలి, అప్పుడు కథ మళ్లీ కదలాలి. కథ చెప్పేవాళ్లు ఎందరు మారినా ఆయన ఉన్న కథ మేళంలో వేదికకు ఎడమవైపు మైకు మామదే. మనిషి పొట్టి. మైకును తన మూతి దాకా వంచుకునేవాడు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. ఆ మైకు స్పాంజికి కూడా లవంగం వాసనే.

అందరూ ఎంత ఇచ్చారో కూడా చదువుతారు. మామ చదివేవాడు కాదు. "పైసలు సంచిలకు పోతయి కోడలా, పేరే చెవులకు పోవాలె," అనేవాడు. దీనివల్ల పెద్ద పెద్దవాళ్లకు కోపాలు వచ్చేవి. ఒక ఊళ్లో సర్పంచ్ అయితే వేదిక మెట్టెక్కి "నాదెంతనో చెప్పవేందే?" అని నిలదీశాడు. మామ ఆయన పేరును ముందుకంటే గట్టిగా ఇంకోసారి చదివి, "పేరు నిలవాలె, ఇల్లు సల్లగుండాలె!" అని చేయెత్తాడు. డోలు దెబ్బ పడింది. సర్పంచ్ దిగిపోయాడు, పాపం ఏం చేస్తాడు!

నేను కథలు చెప్పను. సొంతంగా పాటలు రాసుకుంటాను, గిటారు వాయిస్తాను, మామ మేళంలోని కొమురన్న నా వెనక డోలు కొడతాడు. ఇలాంటిదానికి డబ్బు పుట్టించడమంటే ఎండిన బావిలో బకెట్ వెయ్యడమే. దరఖాస్తు పట్టుకుని పోతే "జానపదమా, సినిమా పాటలా?" అని అడిగేవారు. రెండూ కాదంటే కాగితం వెనక్కి జరిపేవారు. బృందానికి రిజిస్ట్రేషన్ ఉందా అని ఒకరు, గురువు ఎవరని ఒకరు. అలా తిరిగి తిరిగి చివరికి హైదరాబాదులో ఒక ట్రస్టు వాళ్లు నా పాటల ఆల్బమ్‌కు సగం ఖర్చు ఇవ్వడానికి మొగ్గు చూపారు. మిగతా సగం నా ఊళ్ల నుంచే రావాలట. దాన్ని స్థానిక మద్దతు అన్నారు. ఫోనులో మాట్లాడిన మేడమ్ "మీ యాస భలే క్యూట్‌గా ఉందండీ" అని కూడా అంది. సగం ఖర్చు ఇచ్చే మనిషి కాబట్టి నవ్వాను.

"మద్దతంటే ఏందే?" అన్నాడు మామ. చెప్పాను. "ఓసి, గంతేనా! గది మనకు తెల్వని పనా?" అని కండువా దులుపుకుని లేచాడు.

ఆ ఏడాదంతా నేను, మామ, కొమురన్న బస్సులెక్కాం. ఎవరిని ఎప్పుడు అడగాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "పత్తి అమ్మకముందు అడిగితే అప్పు యాదికొస్తది. అమ్మిన్నాడే అడిగితే అప్పిచ్చినోడే ఎదురుంగ కూసుంటడు. నడుమల ఒక మంచి గడియ ఉంటది, గది పట్టుకోవాలె." దుకాణంలో బేరం నడుస్తుంటే నోరు తెరవనిచ్చేవాడు కాదు. ఎవరి ఇంటికి పోయినా ముందు మంచినీళ్లు అడిగేవాడు, తర్వాత నన్ను ఒక పాట పాడమనేవాడు. డబ్బు మాట ఎత్తేవాడే కాదు. ఫలానా రోజు ఫలానా చోట పాడుతున్నాం, వచ్చి పేరు చదివించుకోండి అనేవాడు, అంతే. కొత్తగూడలో అయితే పైసలకు బదులు ఇప్పపువ్వు తెచ్చి పెట్టారు. దాన్నీ మైకు దగ్గర పెట్టుకుని, తెచ్చినవాళ్ల పేర్లన్నీ ఓపిగ్గా చదివాడు.

చావు జరిగిన ఇళ్లకు మాత్రం పోయేవాడు కాదు. ఆ ఇళ్లవాళ్లే వచ్చేవారు. ఎక్కువ చీటీలు పోయినవాళ్ల పేరు మీదే ఉండేవి. తండ్రి పేరు, బిడ్డ పేరు, బొగ్గు బావిలో పోయిన తమ్ముడి పేరు. భూపాలపల్లిలో ఒక ముసలమ్మ పెనిమిటి పేరు చదివించుకుని, అయిపోయాక కూడా మైకు కిందే నిలబడింది. "ఇంకోపారి చదువు నాయినా," అంది. మామ చదివాడు. మళ్లీ అడిగింది. మళ్లీ చదివాడు. తిరిగి వస్తూ బస్సులో అన్నాడు: "బతికున్నోళ్లకు సొంత నోరుంటది కోడలా. సచ్చినోళ్లకు ఎవలున్నరు చెప్పు?"

మొగుళ్లపల్లిలో ఆయన ఒక తప్పు చేశాడు. ఆ సాయంత్రం వరసబెట్టి పోయినవాళ్ల చీటీలే వచ్చాయి. వాటి మధ్యలో విత్తనాల దుకాణం సారయ్య తన చీటీ ఎవరి చేతో పంపాడు. దాని మీద ఒట్టి పేరే ఉంది. మామ అదే ఊపులో "కీర్తిశేషులు సారయ్య గారి జ్ఞాపకార్థం" అని చదివేశాడు. సారయ్య ముందు వరసలోనే కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య లేచి, "ఓ అయ్యో! మా ఆయన గీడనే పల్లీలు తింటుండు గదనయ్యా!" అని అరిచింది. సారయ్య కూడా లేచాడు. "నేను సచ్చిన్నా మామా? మరి నా దుకాణం బాకీలు ఎవలు వసూలు చెయ్యాలె?" అన్నాడు. జనం పగలబడి నవ్వారు.

మామ నవ్వలేదు. సారయ్యను వేదిక మీదికి పిలిచి, నెత్తిన చెయ్యిపెట్టి, పేరు మళ్లీ చదివి, నూరేండ్లు బతకమని దీవించాడు. తీసిన చెయ్యి మళ్లీ పెట్టి ఇంకోసారి దీవించాడు. "ఊకో మామా, అట్లంటె ఆయుష్షు పెరుగుతదంటరు," అని సారయ్యే సముదాయించాడు. బస్సు దిగేముందు, "నోట్లకెల్లి పోయిన పేరు ఊకెనే పోదు కోడలా. రికార్డుల ఆ ఒక్క ముక్క కోసెయ్యి," అన్నాడు.

అప్పటినుంచి రెండు మూడు రోజులకోసారి సారయ్యకు ఫోను చేసేవాడు. "పాణం మంచిగున్నదా తమ్మీ? తిన్నవా?" అంతే, పెట్టేసేవాడు. "మీ మామ నన్ను సావనిచ్చేటట్టు లేడు," అని సారయ్య నాతో అనేవాడు. నవ్వుతూనే అనేవాడు కానీ, ఒక్క ఫోను ఆలస్యమైతే తనే చేసేవాడట.

కార్యక్రమాల్లో రికార్డు చేసిన నమూనా పాటలు ట్రస్టుకు పంపాక మేడమ్ ఫోను చేసింది. పాటలు చాలా బాగున్నాయట, కానీ మధ్యమధ్య ఆ పేర్లేమిటండీ అంది. వినేవాళ్లకు అడ్డమట. అవి తీసేసి పంపితే ట్రస్టు పెద్దలకు నచ్చే అవకాశం ఎక్కువట. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. ఆ సాయం రాకపోతే ఆల్బమ్ లేదు. మామను అడిగాను. ఆయన చాలాసేపు లవంగం నమిలాడు. "పాట నీది, కొయ్యి. కాని పేరు అందరు వింటరని వాళ్లకు నేను నోరిచ్చిన. ఆ మాట నాది," అన్నాడు. కొయ్యమన్నట్టా, వద్దన్నట్టా? మళ్లీ అడుగుదామనుకున్నాను. ఇంతలో అత్తమ్మ ఫోను వచ్చింది. ఆ పొద్దున నా హెడ్‌ఫోన్లలో ఉన్నది మొగుళ్లపల్లి రికార్డే. ఆయన కొయ్యమన్న ఆ ఒక్క ముక్క వెతుకుతూ ఉన్నాను.

కర్మకాండ అయ్యాక మళ్లీ పనికి కూర్చుంటే చెవుల నిండా ఆయనే. వేదిక మీద ఎడమవైపు నిలబడ్డాడు కనుక రికార్డులోనూ ఎడమ చెవిలోనే వినిపిస్తాడు. హెడ్‌ఫోన్లు తీసేసినా ఆ చెవి వినడం మానలేదు. కూరగాయలు కొంటుంటే, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, గొంతు సవరించుకున్న చప్పుడు. తిరిగి చూసేదాన్ని. అమ్మకు చెప్తే దిష్టి తీసింది. నాకు అది పోవాలని లేదు, అదే నా భయం.

ఊళ్ల వాటా నిండడానికి ఒక్క కార్యక్రమం మిగిలింది. రేగొండలో, అంగడి నాటి సాయంత్రం. చదివింపులు వద్దనుకున్నాను. చదివే మనిషే లేనప్పుడు ఎలా? ఇవ్వాలనుకునేవాళ్లు వెయ్యమని వేదిక ముందు ఒక డబ్బా పెట్టించాను. మైకుసెట్టు ఆయన మాత్రం అలవాటు కొద్దీ ఎడమవైపు కూడా ఒక మైకు నిలబెట్టి, మామ మూతి ఎత్తుకు వంచి, దాన్ని ఆన్ చేసి ఉంచాడు. తీసెయ్యమనడానికి నాకు నోరు రాలేదు.

మూడో పాట సగంలో ఉండగా జనంలోంచి సారయ్య లేచాడు. మొగుళ్లపల్లి నుంచి వచ్చాడు. డబ్బా దగ్గర ఆగలేదు. నేరుగా మెట్లెక్కి నా దగ్గరికి వచ్చాడు. పద్ధతి ప్రకారం పాట ఆపాను.

"డబ్బాల వెయ్యకపోయినవా అన్నా?" అన్నాను మెల్లగా.

"డబ్బాకు నోరుంటదా చెల్లె?" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను బతికున్నప్పుడే నన్ను సచ్చిండని చదివిండు. ఇగ ఆయనది నువ్వు చదువు. గా మాట పెట్టి చదువు." చీటీ చేతిలో పెట్టాడు.

పుట్టినప్పటి నుంచి మామా అన్నదే తప్ప ఆయన పేరు నా నోటితో ఎప్పుడూ పలకలేదు. అన్నేళ్లు అందరి పేర్లూ చదివిన మనిషి తన పేరు మైకులో ఒక్కసారీ చదువుకోలేదు. నా కాళ్లు ఆ ఎడమవైపుకు పోలేదు. నా మైకులోనే చదివాను. కీర్తిశేషులు అన్నాను. పేరు అన్నాను. ఊరు అన్నాను.

దీవెన అనలేదు. మరిచిపోయి కాదు. అది ఎడమవైపు నుంచి వస్తుందని ఆగాను. కొమురన్న కర్ర ఎత్తి అలాగే ఆగాడు. సారయ్య, ముందు వరసలో ఆడవాళ్లు, అందరూ ఆ వంచిన మైకు వైపే చూస్తున్నారు. చివరికి సారయ్యే చేయెత్తాడు. "పేరు నిలవాలె," అన్నాడు. ఇల్లు సల్లగుండాలె అని జనమే అన్నారు. అప్పుడు దెబ్బ పడింది.

రేగొండతో మా వాటా నిండింది. మొగుళ్లపల్లి ముక్క ఒక్కటే తీసేసి, మిగతా పేర్లన్నిటితో పాటలు ట్రస్టుకు పంపాను. జవాబు ఇంకా రాలేదు. వస్తే వస్తుంది, లేకపోతే మళ్లీ పత్తి అమ్మే రోజులు వస్తాయి, మళ్లీ బస్సెక్కుతాను.

ఇవాళ కూడా గిటారు ఒళ్లో పెట్టుకుని, పాటతో పాటు వాయిస్తూ ఆ రేగొండ రికార్డు విన్నాను. మామ పేరు కుడి చెవిలో నా గొంతుతో వస్తుంది. ఆ తర్వాత, సారయ్య దీవెన ఎత్తుకునేదాకా, మాట లేదు. ఎడమ చెవిలో, తెరిచి ఉంచిన ఆ మైకుకు గాలి తగిలిన చప్పుడు ఉంది, పేరు చదివే ముందు మామ ఊపిరి తీసుకున్నట్టే. ఇంకా చాలామంది పేర్లు మిగిలే ఉన్నాయన్నట్టు. అక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ నా వేళ్లు గిటారు తీగల మీద ఆగిపోతాయి. ఆయన మొదలుపెడతాడని ఎదురుచూస్తాను.