ఐదంగుళాల నిపుణుడు

వెల్డింగ్ కొట్టాయన్ని చుట్టుపక్కల అందరూ కొలత మామ అంటారు. పన్నెండేళ్ళలో ఆ కొట్టు నుంచి వెళ్ళిన గేటు ఒక్కటీ నేలకు రాసుకోలేదు, తలుపు ఒక్కటీ బిగుసుకోలేదు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. "కూరలో ఉప్పు లేకపోయినా ఊరుకుంటాడు గానీ, కొలత తప్పిందంటే ఒంటికాలి మీద లేస్తాడు" అంటుంది భార్య.

అలాంటి మనిషి పెద్దాసుపత్రి మంచాల టెండరు చదివి కూలబడ్డాడు. నాలుగొందల ఇనప మంచాలు. సెలైన్ స్టాండు దూర్చే రంధ్రం మూల నుంచి సరిగ్గా ఐదంగుళాల దూరంలో ఉండాలట. అదే కొలతతో మూడేళ్ళుగా మంచాలు అమ్ముతున్నవాళ్ళే రావాలట! ఈ పనిలో ఉన్నవాళ్ళంతా ఆరంగుళాలకే పెడతారు. ఐదుకు పెట్టే అచ్చు ఒక్క కాంట్రాక్టరు షెడ్డులోనే ఉంది. అది చేసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మన కొలత మామే. సొంత కొట్టు పెట్టకముందు అక్కడ కూలికి పనిచేసేవాడు. టేపు కొసన అంగుళం విరిగిపోయిందని చూసుకోకుండా కొలిచేశాడు. టేపు ఆరు చూపించింది, అసలు అయింది ఐదే. తర్వాత సంగతి తెలిసి, ఆ సిగ్గుకు టేపును పెట్టె అడుగున దాచేశాడు. కాంట్రాక్టరు మాత్రం ఆ అచ్చుతోనే పని కానిచ్చుకుంటున్నాడు.

భార్య ఫోన్లో నిబంధనలు తిరగేసింది. "ఒక్కడికే సరిపోయే షరతు పెట్టకూడదని చట్టంలోనే ఉందండీ. టెండర్ల పోర్టల్లో అభ్యంతరం పెడితే వాళ్ళు అందరి ఎదుటా జవాబు చెప్పి తీరాలి."

"అందరూ చదువుతారే. నా తప్పు బయటపడిపోతుంది."

"పడనీండి. మీ తప్పు మీద వాడు మేడలు కడుతుంటే, మీరు నోరు మూసుకుని కూర్చుంటారా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆయన చెబుతుంటే ఆమె టైపు చేసి, టేపు ఫొటో కూడా జత చేసింది.

సాయంత్రానికల్లా కాంట్రాక్టరు కొట్టు ముందు దిగాడు. "ఎందుకొచ్చిన గొడవ మామా? సగం మంచాల పని నీకే ఇస్తాలే. నీ కొలత తప్పని నువ్వే చాటుకుంటే, రేపు నీ గడప ఎవడు తొక్కుతాడు?"

మామకు ఒళ్ళు మండింది. "ఎవడూ తొక్కకపోతే తాళం వేసుకుంటా. ముందు నువ్వు గడప దిగు!"

ఆ అభ్యంతరం మీద ఆసుపత్రిలో విచారణ పెట్టారు, ప్రతి మాటా వీడియో తీస్తున్నారు. టెండరు ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని, "ఐదంగుళాలనేది నిపుణులు ఖరారు చేసిన కొలత. మీకు అర్థం కాదు" అన్నాడు.

మామ సంచిలోంచి పాత టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ నిపుణుణ్ణి నేనేనండీ. ఇదిగో, అంగుళం విరిగిన నా టేపు. కూలివాడు చేసిన పొరపాటు సర్కారు షరతు ఎలా అయింది? ఎవరి షెడ్డులోంచి మీ ఫైల్లోకి వచ్చింది? చెప్పండి, రికార్డవుతోంది."

ఆఫీసరు గబగబా ఫైలు మూసేశాడు. వారం తిరక్కుండా టెండరు రద్దయింది. కారణం పోర్టల్లో అందరికీ కనిపించేలా పెట్టారు.

మర్నాడు గేటు చేయించుకోవడానికి వచ్చినాయన, "ఏం మామా, టేపు సరిగ్గా ఉందా?" అని ఆటపట్టించాడు. మామ ముఖం ఎర్రబడింది. అయినా తల దించుకోలేదు. కొత్త టేపు కొస ఆయన చేతికిచ్చి, "నువ్వే చూసి పట్టుకో" అన్నాడు.