చిన్నపరెడ్డన్న తాగని నీళ్లు

ఆసుపత్రి సబ్బు వాసన తగిలితే చాలు, నాకు ఆ వార్డు గుర్తుకొస్తుంది. ఈ ఉదయం చక్రాల కుర్చీలో కూర్చుని, చేతులు కడుక్కుని, సన్నటి గొట్టంతో మూత్రం తీసుకోవడానికి సిద్ధమవుతుంటే చిన్నపరెడ్డన్న పక్క మంచం మీదే ఉన్నట్టనిపించింది. ఆయన పోయి రెండు వేసవులయింది.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాణ్ణి. కంబదూరు దగ్గర కరెంటు స్తంభం మీది నుంచి పడి వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు పోయాయని అందరికీ కనిపించింది. మూత్రాశయం ఎప్పుడు నిండిందో నాకు తెలియదని, నిండినా దానంతటది ఖాళీ కాదని మా నాయనకూ డాక్టరుకూ మాత్రమే తెలుసు. లోపల ఉంచిన గొట్టం తీసేసి, నాలుగైదు గంటలకొకసారి నేనే గొట్టం పెట్టి తీసుకోవాలన్నాడు డాక్టరు. నిల్వ ఉంటే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీలు చెడతాయి. లెక్క అర్థమైంది. చెయ్యి మాత్రం కదల్లేదు. నర్సు వచ్చిన ప్రతిసారీ గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

పక్క మంచం చిన్నపరెడ్డన్నది. శింగనమల వైపు పల్లెలో భూములున్న కుటుంబం, సర్పంచిగా చేసిన మనిషి. జీపు బోల్తాపడి ఆయనకూ నాలాగే అయింది. ఒకరోజు మా నాయనను టీకి పంపి, రెండు మంచాల చుట్టూ తెర లాగించి, వేరుశనగ ధర గురించి మాట్లాడుతూనే గొట్టంతో తన పని తాను చేసుకున్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఓట్లడిగినోణ్ణప్పా నేను. నా సిగ్గు ఎప్పుడో పోయింది. నీది గూడా నాకియ్యి, పెట్టుకుంటా" అన్నాడు. పడ్డాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. ఆ సాయంత్రం గొట్టం చేతిలోకి తీసుకున్నాను.

ఇళ్లకు చేరాక ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. నీళ్లు తాగినావా అని ఆయనే ముందు అడిగేవాడు. ఒక ఎండాకాలం కారు మాట్లాడుకుని ఆయన ఊరికి వెళ్లాను. ఇంటి ముందు పందిరి కింద జనం. బోరు తగాదా. పొద్దున మొదలైన పంచాయితీ మధ్యాహ్నం దాటినా తెగలేదు. వచ్చినవాళ్లందరికీ మజ్జిగ ఇప్పిస్తున్నాడు. తన నీళ్ల గ్లాసు మాత్రం పెదవులకు తాకించి దించేస్తున్నాడు. గొట్టం వేళ దాటిపోయింది, లోపలికి పోయి వద్దామని నేను సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు.

ఆయనకు మాటిమాటికీ చలిజ్వరం వస్తోందని వాళ్లావిడ నాకు అప్పటికే చెప్పింది. జనం వెళ్లాక కోపంగానే అడిగాను.

"నాకు నేర్పించింది నువ్వే గదన్నా."

"ఆసుపత్రిలో మనం పేషెంట్లమప్పా. ఈడ నేను రెడ్డిని" అన్నాడు. "పంచాయితీ మధ్యలో కుర్చీ తోయించుకొని లోపలికి పోతే, ఎందుకు పోయినాడో వాళ్లకు తెలీదా? తాగకుంటే పొయ్యే పనే ఉండదు."

నీళ్లు తగ్గితే మూత్రం ఎలా చిక్కబడుతుందో, ఆ జ్వరాలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో వరుసగా చెప్పాను. విన్నాడు. రేపటి నుంచి తాగుతానన్నాడు. ఎన్నికల్లో మాట ఇచ్చినట్టే ఇచ్చాడు.

ఆ వేసవి దాటలేదు. ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకు, అక్కణ్నుంచి రక్తానికి పాకింది. అనంతపురం ఆసుపత్రిలో నేను చూసేసరికి మాట ముద్దగా వస్తోంది. "నువ్వు తాగుతాండావా?" అని మాత్రం అడిగాడు. తాగుతున్నానన్నాను.

దినాల రోజు అదే పందిరి కింద కూర్చున్నాను. పంచాయితీలకు వచ్చే ముసలి రైతు ఓబులప్ప, రెడ్డికి అసలు ఏమయిందని అడిగాడు. ఇక దాచి ఏం లాభమని చెప్పేశాను.

"ఒక్క మాట చెప్పింటే ఆగేటోళ్లం గదప్పా" అన్నాడాయన. "వాన కోసం ఏండ్లకేండ్లు ఆగినోళ్లం. మనిషి కోసం ఒక గడియ ఆగలేమా?"

ఇప్పుడు నేను సోలార్ పంపులు డిజైన్ చేస్తున్నాను. రైతులతో మీటింగులు గంటల తరబడి సాగుతాయి. నీళ్లు తాగుతూనే ఉంటాను. వేళ కాగానే, మూత్రం తీసుకొని రావాలి, కాసేపు ఆగండి అని అందరి ముందూ చెబుతాను. కొందరు తల దించుకుంటారు. నాకు ఇప్పటికీ ఆ మాట తేలిగ్గా రాదు. తిరిగి వచ్చేసరికి ఎవరూ లేచిపోయి ఉండరు. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పాలనిపించే మనిషే లేడు.