మూలనున్న నలుపు

అశౌచంలో ఉన్నవాడను, దీపం ముట్టరాదు. కనుక మాటకు తల్లియైన దేవికి మనసులోనే మ్రొక్కి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర శ్రావణ బహుళ తదియ నాడు ఇది వ్రాస్తున్నాను.

మా అక్క పోయి నేటికి పది రోజులు. పదహారేళ్ళకే వైధవ్యం పొంది, పుట్టింటనే ఉండి, తల్లి లేని నన్ను పెంచినది ఆమె. పన్నెండవ నాటికి పటం కావాలి. ఎనభై ఏళ్ళ బ్రతుకుకు దొరికినది ఒకే ఛాయాచిత్రం: యాభై ఏళ్ళ నాటి నా పెళ్ళిలో బంధువులందరినీ నిలబెట్టి తీసినది. అందులో ఎడమ చివర, నలుపు కమ్మిన మూలలో, ముఖమని కష్టం మీద పోల్చుకోదగిన ఒక మరక. ఎవరని పిల్లలు అడిగినప్పుడెల్లా, "మీ మేనత్త. కెమెరా మంచిది కాదు" అని చెప్పేవాడను.

మధ్యాహ్నం పాలకొల్లు బజారులోని స్టూడియోకు వెళ్ళాను. దాని యజమాని కంప్యూటరు మీద అక్కను విడదీసి, చుట్టూ గుండ్రంగా చీకటి అలమి చూపించాడు.

"ఇదేమిటయ్యా? ఉన్న నలుపు చాలలేదా?"

"అది లెన్సు లోపమండి మాస్టారూ. ఇది మేం కావాలని వేసేదండి, విగ్నెట్ అంటారు. చూపు తిన్నగా మొహం మీదకే పోద్దండి. పోయినోళ్ళందరికీ ఇదేనండి. మా నాన్నకీ ఇదే వేశాను."

పోయినవారందరినీ ఒకే బావిలో దింపి పైనుండి తొంగిచూసినట్లున్న ఆ అలంకారం నాకు వెగటు పుట్టించింది. నలుపంతా తీసి, మొత్తం వరుస కనబడేట్లు చేయమన్నాను.

చేశాడు. అక్క ముఖం తేలింది. దానితోపాటు మరొకటి తేలింది. తక్కినవారు భుజాలు ఒరుసుకొని నిలబడగా, ఆమెకూ పక్కనున్న మా పిన్నికీ నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"ఈవిడ మీవాళ్ళేనాండి? అంత దూరంగా నిలబడ్డారేంటండి?" అన్నాడతడు.

"పీటల వైపు రాకే, ఆ చివరికి పో" అని ఆనాడు పిన్ని అన్నది. బాసికం కట్టుకొని, రెండడుగుల దూరంలో కూర్చొని విన్నాను. తల తిప్పలేదు. ఆ పెళ్ళి వంటకు మూడు రోజులు పొయ్యి దగ్గర నిలిచినది అక్కే. యాభై ఏళ్ళు ఒక గాజుముక్క మీద నేరం మోపి హాయిగా అన్నం తిన్నాను. 

రెండు ప్రతులూ అచ్చు వేయించి ఇంటికి తెచ్చాను. పిన్నికిప్పుడు ఎనభై ఎనిమిది. కళ్ళజోడు సవరించుకొని, నల్ల అంచుదాని మీద వేలు పెట్టింది.

"ఇదే కట్టించరా. ఎంత కళగా ఉందో! ఆ రెండోది ఎందుకు, నలుగురూ వచ్చే వేళ?"

"రెండోదాంట్లో నువ్వు కూడా ఉన్నావు పిన్నీ."

"అందుకే వద్దంటున్నా."

అని పిన్ని, కాఫీ చల్లారిపోయిందని నా కోడలిని కేకవేసింది.

శ్రావణ బహుళ పంచమి, పన్నెండవ నాడు: ఖాళీ ఉన్న పటాన్నే కట్టించి హాలులో పెట్టాను. ఆ ఖాళీ ఏమిటని అడిగినవారికి, అక్కను చివరికి పొమ్మన్న మాట విని ఊరుకున్నానని చెప్పాను. పిన్ని భోజనానికి కూర్చోలేదు. ఆటో పిలిపించుకొని వెళ్ళిపోయింది.