మిట్టమధ్యాహ్నం మాట్లాడిన సోడా పెట్టె

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ కొద్ది కాలంలో, మా నంద్యాలలో దప్పిక తీరాలంటే ముందు చెవికి ఒక చప్పుడు తగలాలి. అంగడివాడు బొటనవేలితో గోలీని లోపలికి నొక్కాలి, అది కీచుమని అరవాలి, సీసా మెడలోంచి నురుగు ఎగదన్నాలి. అప్పుడుగానీ నీళ్ళు గొంతు దిగేవి కావు. చప్పుడు లేని సోడా ఇస్తే తాలింపు లేని పప్పు పెట్టినట్టు మొహం చిట్లించేవాళ్ళు. అలాంటి ఊళ్ళో పుట్టి, అలాంటి సోడా తాగి పెరిగి, సీసాలే లేని సోడా తయారుచేస్తానని నేను బయలుదేరాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు (తర్వాత తర్వాత ఒక్కొక్కటే తెలియకుండా పోతుంది).

మా మేనమామకు నంద్యాలలో సోడా అంగడి ఉండేది. ఊరంతా ఆయన్ని గోలీమామ అనేది. అమ్మే సరుకును బట్టి కొందరు, గుండ్రటి కళ్ళను బట్టి కొందరు. ఎస్సెల్సీ అయ్యాక నేను ఆయన దగ్గరే పనిలో కుదిరాను. సీసాను ఇనప చట్రంలో బిగించడం, గ్యాసు పట్టడం, పిడి పట్టుకుని గిరగిరా తిప్పడం నా ఉద్యోగం. ఒకసారి గ్యాసు సిలిండర్ల కోసం మామతో మద్రాసు వెళ్ళినప్పుడు, ఒక పెద్ద అంగడిలో తెల్లరాతి పెట్టె ఒకటి చూశాను. దాని పైనుంచి కొంగ మెడల్లా వంగిన రెండు వెండిరంగు కుళాయిలు. తెల్ల చొక్కా మనిషి పిడిని ముందుకు తోస్తే సోడా లావుగా, మెత్తగా దిగింది. వెనక్కి లాగితే సూదిలాంటి ధార గ్లాసు అడుగుకు కొట్టి, అడుగునున్న షర్బత్తును నురగలు పొంగించింది. సీసా లేదు, గోలీ లేదు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. మామ మాత్రం ఒక గుక్క తాగి, "సీసా లేని సోడా ఏందిరా? మొగుడు లేని పెండ్లి మాదిరి!" అన్నాడు.

తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. ఆ పెట్టె లోపల ఏముంటుందో బుర్రలోనే విప్పి చూసుకుంటూ వచ్చాను. నీళ్ళూ గ్యాసూ కలిసే పాత్ర ఒకటి ఉండాలి. దాన్నుంచి కుళాయికి వెళ్ళే గొట్టం మంచుగడ్డల కింద చుట్టలు చుట్టుకుని ఉండాలి, సోడా ఆ చుట్టల్లో తిరిగి తిరిగి చల్లబడాలి. రాతి పెట్టె అందానికనుకున్నాను ముందు. కాదు, చల్లదనం బయటికి పోకుండా ఆపడానికి. మద్రాసువాళ్ళకు పాలరాయి ఉంటే మనకు బేతంచెర్ల లేదా? బేతంచెర్లకు పోయి, ఇళ్ళలో పరిచే బండల్లోంచి లేత పసుపు రంగువి ఏరి నునుపు చేయించి తెచ్చాను. రాగి పాత్ర, గొట్టపు చుట్ట నంద్యాలలో కంచరివాడి చేత చేయించి లోపలంతా కళాయి పూయించాను (కళాయి లేని రాగిలో సోడా పోస్తే చిలుమెక్కి, తాగినవాడు నేరుగా ఆస్పత్రికే). గ్యాసు నీటిలో బాగా కలవడానికి పాత్రలో ఒక తెడ్డు. ఆ తెడ్డును బయటినుంచి తిప్పడానికి ఒక పిడి. ఆ పిడి ఇరుసు పాత్రలోకి దిగే చోట గ్యాసు జారకుండా తోలు వాషరు, దాని మీద బిగించే నట్టు. కథంతా ఈ వాషరు దగ్గరే ఉంది కాబట్టి పాఠకులు దాన్ని కాస్త గుర్తుంచుకోవాలి.

"నా అంగడిలో మాత్రం పెట్టొద్దు. ఆళ్ళగడ్డ బస్టాండు కాడ మన రూము ఖాళీగా ఉండాది, ఆడ పెట్టుకో. ఆ ఊరోళ్ళకు నువ్వెవరో తెలీదు," అన్నాడు మామ. ఆ చివరి మాటలోని దీవెన నాకప్పుడు అర్థం కాలేదు. ఎండాకాలం మొదట్లో ఆళ్ళగడ్డలో దుకాణం తెరిచాను. మంచు రోజూ పొద్దున నంద్యాల బస్సులో, పొట్టులో పొదిగి, గోనెలో చుట్టుకుని వచ్చేది. ఉత్త సోడాకు ఒక కుళాయి, సుగంధిపాల వేళ్ళతో చేసే నన్నారి సోడాకు ఒకటి. మొదటి కొద్దిరోజులు జనం కిటకిటలాడారు. కొంగ మెడలోంచి నీళ్ళు రావడం చూడటానికే బండ్లు కట్టుకొచ్చారు. నేను ధార ముందుకీ వెనక్కీ మారుస్తూ, ‘ప్రెషరు’ గురించి ఉపన్యాసం ఇస్తూ, ఆళ్ళగడ్డకు విజ్ఞానశాస్త్రాన్ని మోసుకొచ్చిన మొనగాణ్ణని మురిసిపోయాను.

తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం పెట్టె ఏడ్చింది.

ఎండకు వీధి తెల్లబడిపోయి ఉంది. కుక్కలు కూడా లేవు. దుకాణంలో నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. ముందు ‘మ్‌మ్‌మ్’ అని, మూసిన నోట్లోంచి వచ్చినట్టు ఒక మూలుగు. అది పెరిగి పెరిగి, నోరు తెరిచినట్టయి, "మా...ఆ..." అని సాగింది. అందరూ పెట్టెకేసి చూశారు. దాని ముందు బండ మీద తడి ఊరుతోంది. లోపలి మంచుకు రాయి చెమర్చడం నాకు తెలిసిందే. కానీ ఆ పూట ఆ తడికొక ఆకారం వచ్చింది. పైన గుండ్రంగా తల, కింద భుజాలు, ఇంకా కింద ముడిచిన మోకాళ్ళు. ఒక మనిషి పెట్టెలో ఇరుక్కుని, బండకు ఆనుకుని మనకేసి చూస్తున్నట్టుంది.

"లోపల ఎవురో కూకోనుండారప్పా," అన్నాడొక రైతు, చాలా మర్యాదగా. గ్లాసు కింద పెట్టి బయటికి నడిచాడు. మిగతావాళ్ళు అంత మర్యాదగా నడవలేదు.

అదే వేళకు మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఊళ్ళో మాట పాకిపోయింది. ఆ బండ బేతంచెర్ల గనిలోది కాదనీ, ఏదో సమాధి మీదిదనీ ఒకరు, కంచరివాడు పాత్ర రాగిలో ఎవరివో అస్థికలు కలిపాడని ఇంకొకరు. మధ్యాహ్నమైతే నా దుకాణం ముందు మనుషులు అవతలి పక్కగా నడిచేవారు. నేను ధైర్యవంతుణ్ణే. ఆ వేళకు నేనూ బయట అరుగు మీద కూర్చునేవాణ్ణి, గాలి కోసం.

పారిపోనిది ఒక్క బుడ్డలవ్వ. వేరుశనగకాయల్ని మా వైపు బుడ్డలంటారు, ఆవిడ బస్టాండులో ఉడకేసిన బుడ్డలు అమ్మేది. మొదటిసారి ఆ మూలుగు విన్నప్పుడు తట్ట దించి, మెల్లగా లోపలికొచ్చి, పెట్టె ముందు చతికిలబడింది. తడి ఆకారం మీద అరచేయి ఆనించి, "వచ్చినావా నాయనా," అంది.

ఆవిడ కొడుకు తుంగభద్ర డ్యాము పనికని వెళ్ళి మళ్ళీ రాలేదు. పోయాడని చెప్పినవాడూ లేడు, చూశానన్నవాడూ లేడు. "నీళ్ళ పనికి పోయినాడు. నీళ్ళల్లోనే తిరుగుతాండాడు," అంది అవ్వ నాతో, పొరుగూరి పెళ్ళి సంగతి చెప్పినంత మామూలుగా. "గొంతు వానిదే. చిన్నప్పటినుంచీ నన్ను ‘మా’ అని ఇట్లనే సాగదీసి పిలుస్తాడు." ఎండన పడి వచ్చింది కదా అని సోడా ఇవ్వబోతే ఛీకొట్టింది. "బిడ్డ ఉండే నీళ్ళు ఎట్ల తాగుతార్రా?"

ఎలాగైనా ఈ దయ్యం సంగతి తేల్చాలని ఒక పొద్దున గుండె చిక్కబట్టుకుని పెట్టె విప్పాను. చూస్తే నవ్వొచ్చింది. రాగి పాత్ర, దాని కింది గొట్టపు చుట్ట జరిగి ముందు బండకు తగులుకున్నాయి. అవి తగిలిన చోటే రాయి ఎక్కువ చల్లబడి, అక్కడే చెమరుస్తోంది. పాత్ర మూత తల, పాత్ర భుజాలు, చుట్ట మోకాళ్ళు. ఇక గొంతు సంగతి. మధ్యాహ్నానికి మంచు తరిగి పాత్ర చల్లదనం కాస్త తగ్గేసరికి లోపల గ్యాసు ఒత్తిడి పెరిగి, ఇరుసు దగ్గర తోలు వాషరు పక్కనుంచి జారుతోంది. తోలు అదిరి మూలుగు, రాతి పెట్టె బోలుతనం వల్ల దానికి మనిషి గొంతు. స్పానరుతో నట్టు బిగించాను. ఆ మధ్యాహ్నం పెట్టె నోరెత్తలేదు. ఊరిని పిలిచి మరీ ప్రెషరు మీద ఇంకో ఉపన్యాసం ఇచ్చాను. జనం ఒప్పుకుని సోడా తాగారు.

అవ్వ వచ్చి కూర్చుంది. నీడ అరుగు దిగేదాకా కూర్చుంది. "ఈ పొద్దు అలిసిపోయినాడేమో," అని లేచింది. మర్నాడు వచ్చి, "నా మీద అలిగినాడా?" అని బండనడిగింది. నన్నేమీ అడగలేదు. నేను వాషరు సంగతి చెబుదామని నోరు తెరిచి, ఆవిడ చేయి రాయిని నిమురుతున్న తీరు చూసి, నన్నారి కుళాయి తుడుచుకుంటూ ఉండిపోయాను.

మూడోనాడు, జనమంతా బువ్వలకు ఇళ్ళకు పోయిన వేళ చూసి, పెట్టె వెనక చేరి నట్టు కాస్త వదులు చేశాను. "మ్‌మ్‌మ్... మా..." అంది పెట్టె. అవ్వ మొహం చూడాలి! అప్పటినుంచీ నాకు కొత్త ఉద్యోగమొకటి దొరికింది. "తిన్నావా నాయనా?" అని అవ్వ అడిగితే చిన్నగా వదులు. "మీ అక్క దొర్నిపాడుకు రమ్మంటాంది. పోదునా, ఈడనే ఉందునా?" అంటే ఏ జవాబివ్వాలో తెలియక బిగించి పట్టుకోవడం. అంత బుద్ధిగా పని చేయడం నేను మామ దగ్గర కూడా ఎరగను. ఒక సంగతి మాత్రం నాకు నచ్చేది కాదు. అప్పుడప్పుడు నా స్పానరు నట్టును తాకకముందే మూలుగు మొదలయ్యేది. ఎండలు ముదిరాయి కదా, ఒత్తిడి ఎక్కువై ఉంటుందని సర్దిచెప్పుకునేవాణ్ణి. చెప్పుకుంటూనే స్పానరుకేసి చూసుకునేవాణ్ణి.

ఇలా నడుస్తుండగా గ్యాసు అయిపోయింది. పనిలో పనిగా పాత్రకు మళ్ళీ కళాయి వేయిద్దామని, పాత్ర, గొట్టపు చుట్ట, ఇరుసు, తెడ్డు అన్నీ ఊడదీశాను. వాషరు పాడవకుండా గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను. మిగిలిన మంచునీళ్ళు వీధిలో పారబోసి, పెట్టె లోపల పొడిగుడ్డతో తుడిచి, తాళం వేసి, అన్నీ బస్సు మీదికెక్కించుకుని నంద్యాల వెళ్ళాను. మంచు తెప్పించవద్దని ముందే చెప్పేశాను. అంటే ఆళ్ళగడ్డలో మిగిలింది బోడి రాతిపెట్టె ఒకటే.

మర్నాడు మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాను. అవ్వ నా దుకాణం మూసిన తలుపు ముందు, అరుగు మీద కూర్చుని ఉంది. బుడ్డల తట్ట పక్కన ఒక మూట కూడా ఉంది. మొహం కడిగినట్టు తేటగా ఉంది.

"వచ్చినావా అప్పా. నీకోసరమే చూస్తాండా. ఈ పొద్దు శానాసేపు మాట్లాడినాడు."

"ఎవరవ్వా?"

"ఎవరేంది? మావాడే. తలుపుకు చెవి పెట్టి ఇన్నా. ఎప్పుడూ ‘మా’ అనేదొక్కటేనా, ఈ పొద్దు అన్నీ చెప్పినాడు. వానికి ఆడ బాగుందంట. ఇంగ పోయొస్తానన్నాడు. నువ్వు కూడా అక్క దగ్గరికి పో మా, ఈ ఎండలో కూకోవాకు అన్నాడు."

పాత్ర నా చంకలో ఉంది. సిలిండరు బస్సు దగ్గర ఉంది. ఎండ నిప్పులు చెరుగుతుంటే నాకు చలివేసింది. తాళం తీశాను. గదిలోంచి తడి మట్టి వాసన, చల్లటి గాలి మొహానికి కొట్టాయి. పెట్టె ముందు బండ మీద ఆకారం ఉంది. నిన్నటినుంచీ లోపల చుక్క నీరు లేదు, మంచు ముక్క లేదు, బండకు తగలడానికి పాత్రే లేదు. అయినా తల, భుజాలు ఉన్నాయి. ముడిచిన మోకాళ్ళు మాత్రం లేవు. ఈసారి ఆకారం నిలబడి ఉంది.

నేను చూస్తుండగానే అది ఆరిపోవడం మొదలుపెట్టింది. పాదాల వైపునుంచి పైకి, నింపాదిగా. చివరికి తల ఉన్న చోట అరచేయంత తడి మిగిలింది. అవ్వ కొంగుతో దాన్ని తుడిచి, ఆ కొంగు కళ్ళకద్దుకుంది.

"నీకూ చెప్పినాడా పోయొస్తానని?" అంది నాకేసి తిరిగి.

చంకలోని పాత్ర కింద దించాను. "చెప్పినాడవ్వా," అన్నాను.

"మంచోడు. చెప్పకుండా పోయేటోడు కాదులే ఈసారి," అని మూట నెత్తికెత్తుకుంది. దొర్నిపాడు బస్సు ఎక్కించాను. ఆవిడ మళ్ళీ ఆళ్ళగడ్డ రాలేదు.

పాత్ర, వాషరు, గ్యాసు అన్నీ మళ్ళీ బిగించాను. ఆ తర్వాత నట్టు ఎంత వదులు చేసినా ఉత్త ‘స్‌స్’ తప్ప ఆ గొంతు రాలేదు. పాత్రను పాత చోటికే జరిపి పెట్టినా తడికి ఆకారం రాలేదు. ఎండాకాలం చివర దుకాణం కట్టేసి నంద్యాల చేరాను. జరిగిందంతా గోలీమామకు చెప్పాను. ఆయన కళ్ళు మరీ గుండ్రమయ్యాయి. అయినా పెద్దరికం వదలకుండా, "వాషరు సరిగ్గా చూసినావా?" అన్నాడు.

"వాషరు ఆ పొద్దు నా సంచిలో ఉండాది మామా."

మామ లేచి ఒక సీసా చట్రంలో బిగించి, అవసరం లేకపోయినా గిరగిరా తిప్పసాగాడు.

ఆ తర్వాత జీవితమంతా యంత్రాల మధ్యే గడిపాను. ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో చెప్పి నలుగురిలో మంచి పేరే తెచ్చుకున్నాను. ఇది మాత్రం తేల్చలేకపోయాను, తేల్చాలన్న తొందర కూడా ఈ మధ్య తగ్గింది. ప్రెషరు గురించి ఊరికి ఉపన్యాసాలిచ్చిన ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు తలపుకొస్తే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. ఎంత పొగరు, ఎంత వాగుడు! కానీ తన శాస్త్రమంతా కళ్ళముందే ఆరిపోతుంటే, అవ్వతో ఒక్క మాట మాత్రం సరిగ్గా అన్నాడు. అందుకని వాడు ఎప్పుడైనా ఎదురుపడితే తిట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని ఒక సోడా ఇప్పిద్దామనుకుంటాను.