విలువలేని రాజు

ఓబుళపతి చీర అంచును బొటనవేలితో తడిమినట్టే పేకముక్క అంచునూ తడుముతాడు. ధర్మవరంలో మగ్గం నేసే ఈ మనిషి ఒకప్పుడు ఆటకు కూర్చుంటే, భార్య హనుమక్క వచ్చి చెయ్యి పట్టి లాగితే తప్ప లేచేవాడు కాదు. ఆమె మీద ఒట్టేసి మానేశాడు. ఇవాళ మళ్లీ ముక్కలు పట్టింది కూతురి కోసమే. గోవా క్యాసినోలో పేకముక్కలు పంచే ఉద్యోగానికి యమునకు వచ్చే వారం పరీక్ష; బకారా ఆట ఆమె చేతికి అలవాటు కావాలి. అతని కళ్లలో పాత మెరుపు రాజుకుంటుందేమోనని హనుమక్క తలుపు పట్టుకుని చూస్తోంది.

యమున తండ్రి ముందుకు రెండు ముక్కలు జార్చింది. రాజు, తొమ్మిది. “పందొమ్మిది!” రమ్మీ అలవాటుతో రాజుకు పది కట్టి అరిచాడు ఓబుళపతి. “రాజు సున్నా నాయనా. రాణి, జాకీ, పదీ అన్నీ సున్నాలే. ఆసు ఒకటి. కూడితే పది దాటినా చివరంకే లెక్క. తొమ్మిదికి మించింది ల్యా, నువ్వే గెలిచినావు.” “గెలిస్తే ఏమొస్తాది?” అన్నాడు. “ఏమీ రాదు,” హనుమక్క అంది. “ఇన్నేండ్లు ఆ రాజునే నమ్ముకుంటివి గదయ్యా!” ఓబుళపతి నవ్వాడు. ముక్కలు కూతురి చేతికిచ్చి, ఎవరూ పిలవకముందే లేచి వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు దించాడు. పోగుల మధ్య పరుగెత్తే నాడె చప్పుడు వానచినుకుల్లా మొదలైంది. హనుమక్క తలుపు వదిలి, చాప మీద అతని చోట్లో కూర్చుంది.

“నాకూ పంచు పాపా.”