రేపు అనని టైలరు

టైలరు బావ నోట 'రేపు' అనే మాట రాదు. వేరే పనివాళ్లకైతే ఫర్వాలేదు గానీ, ఆ మాట లేకుండా బట్టలు కుట్టే కొట్టు ఎలా నడుస్తుందో తోటి టైలర్లకి అంతుపట్టేది కాదు.

"ఎప్పుడిస్తారండీ?" అంటే, "ఇవాళ చేతిలో రెండు చొక్కాలున్నాయి, మూడోది పట్టదు. తెల్లారాక రండి" అనేవాడు.

"అంటే రేపా?"

"మీరొచ్చేసరికి అది ఇవాళే అయిపోతుంది లెండి."

ఒకాయన వచ్చే నెల కొడుకు పెళ్లని సూటు గుడ్డ పట్టుకొచ్చాడు. "వచ్చే నెల గొడవ నాకెందుకు? అబ్బాయిని నిలబెట్టండి" అని కొలతలు తీసి, తండ్రీకొడుకుల్ని బల్ల మీద కూర్చోబెట్టి, దీపాలు పెట్టేలోగా కుట్టిచ్చేశాడు. నెల తిరిగేసరికి పెళ్లికొడుకు ఒళ్లు చేశాడు. పెళ్లినాడు పొద్దున్నే నడుం దగ్గర కుట్లన్నీ విప్పాల్సొచ్చింది. బావ ఏమాత్రం తొణకలేదు. "ఆవేళ్టి మనిషికి అది సరిగ్గా సరిపోయింది" అన్నాడు.

తాగుడు మానేసి ఎన్నాళ్లయిందని అడిగినా అంతే. "ఇవాళ తాగలేదు" అంటాడు. పక్క నుంచి ఆయన భార్య, అంటే అక్క, "తొమ్మిదేళ్లు" అని అందిస్తుంది.

అక్క తమ్ముడు వ్యాను డ్రైవరు. తాగుడు వల్ల ఉద్యోగం పోగొట్టుకుని, ఆసుపత్రిలో నెల్లాళ్లుండి, మానేశానని చెప్పి ఆ ఇంటికి చేరాడు. చెప్పడం తేలికే. సాయంత్రం ఆరయ్యేసరికి నాలుక పీకేసేది. కాళ్లు వీధి చివరి మందు దుకాణం వైపు లాగేవి.

"బావా, బతికినంతకాలం ఇలా ఉండడం నావల్ల కాదు."

"అంత పెద్ద సంగతులు నన్నడక్కు. ఇదిగో, ఈ చొక్కాకి గుండీలు ఊడిపోయాయి. అర్జెంటు, ఇవాళే కావాలట. కూర్చో."

స్టీరింగు పట్టిన చేతులకి సూది లొంగదు. వేళ్లకి చిల్లులు పడ్డాయి. ఏడు గుండీలూ కుట్టేసరికి ఎనిమిదయ్యేది, అక్క అన్నానికి పిలిచేది, మందు దుకాణం సంగతి ఎటో పోయేది. మర్నాడు సరిగ్గా ఆరింటికి ఇంకో అర్జెంటు చొక్కా. ఆ మర్నాడు ఇంకోటి.

ఒకరోజు తమ్ముడికి ఒళ్లు మండింది. "ఈ జనం చొక్కాలు తొడుక్కుంటున్నారా, ఒకళ్లవొకళ్లు పట్టుకుని కొట్టుకుంటున్నారా?"

"ఏమోరా. అయిదో గుండీ అయిందా?"

ఇలా నెలన్నర గడిచింది. ఓ ఉదయం అక్క ఉతికిన బట్టలు మడతపెడుతుంటే తమ్ముడు అటు వెళ్లాడు. మంచం నిండా చొక్కాలు. నీలం చారలది, గళ్లది, చేతికి సున్నం మరకున్నది, అన్నీ తను కుట్టినవే.

"ఇవి గిరాకీలవి కదక్కా?"

"గిరాకీలవేంట్రా, మీ బావవి. రోజూ మధ్యాహ్నం భోంచేసి బ్లేడు పట్టుకుని కూర్చుంటాడు, ఉన్న గుండీలన్నీ తెంపడానికి. ఇదేం పిచ్చండీ అంటే, 'వాడికి ఇవాళ్టికి పని కావాలే' అంటాడు."

తమ్ముడు ఆ చొక్కాల మధ్య కూలబడ్డాడు. ముందు కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వు పుట్టింది, ఆపితే ఆగలేదు.

ఆ సాయంత్రం కొట్టుకి వెళ్లేసరికి ఆరున్నర దాటింది. ఆరు ఎప్పుడైందో తెలియనే లేదు.

"బావా, అర్జెంటువేమైనా ఉన్నాయా?"

బావ చుట్టూ చూసి తల గోక్కున్నాడు. "లేవురా. అన్నీ అయిపోయాయి."

తమ్ముడు తన చొక్కా విప్పి, పై గుండీ పుటుక్కున తెంపి, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడు.