పెళ్లిపత్రికల షాపులో రాసిన మొదటి ప్రోగ్రాం

నేను రాసే ప్రోగ్రాములను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, మార్చుకొని ఇంకొకరికి ఇవ్వవచ్చు. సాఫ్ట్‌వేర్ అలాగే ఉండాలని కోసిగి, గూడూరు బడులదాకా తిరిగి చెబుతుంటాను. ఈ దారి నాకు ఆదోనిలోని ఒక పెళ్లిపత్రికల షాపులో దొరికింది. డిగ్రీ చదువుతూ అక్కడ టైపింగ్ పని చేసేదాన్ని. షాపు యజమానిని చాచా అని పిలిచేదాన్ని.

ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి ఒక నేతపనివాడు వచ్చాడు. వాళ్ల చర్చికి పెద్ద. బల్ల మీద సీడీ పెట్టి, "మా పెద్దోళ్లు కట్టిన పాటలన్నా. పుస్తకాలన్నీ చినిగిపోయినాయి. కొత్త కంప్యూటర్లో పెడితే పిచ్చిగీతలు వస్తాండాయి" అన్నాడు.

ఎప్పుడో పాత ఫాంటులో టైపు చేయించినవి. ఆ ఫాంటు అమ్మిన కంపెనీ మూతపడింది. దాని లోగుట్టు ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు చదివేది ఇదే గదా బేటీ, చూడు" అన్నాడు చాచా.

ఏ గీత ఏ అక్షరమో ఒక్కొక్కటే పట్టుకుంటూ, వాటిని మార్చే ప్రోగ్రాం రాశాను. వత్తులు తారుమారయ్యేవి. సరిచూసుకోవడానికి మంచి పుస్తకం ఒక్కటీ మిగల్లేదు. అందుకని చర్చి పెద్ద వారానికోసారి బస్సెక్కి వచ్చి, గుర్తున్నవన్నీ పాడేవాడు. నేను దిద్దేదాన్ని. చాచా పత్రికలు మడుస్తూ వినేవాడు. ఒకసారి పెద్దాయన తడుముకుంటే చాచానే చరణం అందించాడు. ముగ్గురం పగలబడి నవ్వాం.

పని అయ్యాక, "దీన్ని అమ్ముదామా చాచా?" అని అడిగాను.

"ఆ కంపెనీవోళ్లు దాసిపెట్టినందుకే గదా ఈయన ఇన్ని తిప్పలు పడింది. నువ్వు గూడా దాస్తే ఎట్ల బేటీ? అంతా బయట పెట్టు. కావాల్సినోళ్లు తీసుకుంటారు."

ఇంటర్నెట్లో పెట్టేశాను. కొన్ని వారాలకు, ముఖమైనా తెలియని ఒక బళ్లారి ఆవిడ మెయిల్ పంపింది. నా ప్రోగ్రాంలో 'క్ష' తప్పుగా వస్తోందని, తానే సరిచేసి జతపరిచింది. కన్నడానికీ అలాంటిదే చేసుకుంటున్నానని రాసింది. అడగకుండానే నా పని బాగుచేసిన మనిషి! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ దిద్దుబాటుతోనే పాటల పుస్తకం మళ్లీ అచ్చయింది. మొదటి ఆదివారం మమ్మల్ని చర్చికి పిలిచారు. చివరి వరుసలో కూర్చున్నాం. రెండో పాట మధ్యలో చాచా కొత్త పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి, నా వైపు వంగి, "ఈడ దీర్ఘం పోయింది బేటీ" అని గుసగుసగా అన్నాడు.

అచ్చులో లేకపోయినా, పాడేవాళ్లు దీర్ఘం తీస్తూనే ఉన్నారు.